నడుస్తూనే బాగుపడాలి

తెలుగు ఊళ్లలో పాత పెంకుటిళ్ల పెరట్లోకి తొంగి చూస్తే, ఇటుకల మీద నిలబెట్టిన ఫియట్ కారు ఇప్పటికీ అక్కడక్కడా కనబడుతుంది. చక్రాలుండవు. ఇంజిన్ గోనెసంచి కప్పుకుని వసారాలో ఓ మూల ఉంటుంది. తలుపుల అద్దాలు అటక మీద, నట్లూ బోల్టులూ పాత డాల్డా డబ్బాలో. నాన్నగారు నడిపిన కారు, మళ్లీ రోడ్డెక్కించాలన్న ప్రేమతోనే ఎవరో ఒక సెలవు రోజున దాన్ని విప్పడం మొదలుపెట్టి ఉంటారు. విప్పడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు గనక ఆ పని చకచకా సాగుతుంది. బిగించే దశకు వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. ఆర్నెల్లు గడిచాక ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు. విప్పిన మెకానిక్ ఊరు మారిపోతాడు. చివరికి తుక్కు కొనే మనిషి వచ్చి కేజీల లెక్కన తూచుకుపోతాడు.

డబ్బు చాలక ఆగిపోయిందని ఆ ఇంట్లోవాళ్లు చెబుతారు. నాకు మాత్రం ఖర్చు పెట్టిన వరస తప్పిందనిపిస్తుంది. అదే డబ్బు వేరే వరసలో పెట్టి ఉంటే ఆ కారు ఈపాటికి రోడ్డు మీద తిరుగుతూ ఉండేది. తక్కువ డబ్బుతో పాత కారును నిలబెట్టదలచుకున్నవాళ్లు ఒక్క నియమం గట్టిగా పట్టుకుంటే చాలు: కారు ఏ దశలోనూ నెలల తరబడి కదలకుండా పడి ఉండకూడదు. ఒక పని మొదలుపెట్టాలి, దాన్ని పూర్తి చేయాలి, బండి బయటికి తీసి నడిపి చూడాలి, ఆ తర్వాతే రెండో పని. నడుస్తున్న కారు తన లోపాలు తనే చెబుతుంది. ముఖ్యంగా, మీ ఉత్సాహాన్ని అది నిలబెడుతుంది. ఆదివారం సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకుని నాలుగు వీధులు తిరిగి రాగలిగితే, వచ్చే నెల జీతంలోంచి ఇంకో ఐదువేలు దాని మీద పెట్టడానికి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కాలపు పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది. అలాంటి కార్లను ఆఖరి మర వరకూ విప్పి, ఒక్కో భాగాన్నీ కొత్తదానిలా చేసి మళ్లీ కూర్చుతారు. అది సంస్థానాలకూ సంస్థలకూ సాధ్యమైన పద్ధతి. మారుతి మొదటి కారు సంగతీ అంతే. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్పాల్ సింగ్ తాళాలు అందుకున్న ఆ తెల్లటి 800, డీఐఏ 6479 నంబరుది, 2010లో ఆయన పోయాక ఎండకూ వానకూ తుప్పుపట్టింది. తర్వాత కంపెనీయే దాన్ని బాగుచేసి ప్రదర్శనకు పెట్టుకుంది. తయారుచేసిన కంపెనీయే వెనక నిలబడితే ఏ కారైనా బతుకుతుంది. మన వెనక ఉండేది నెల జీతమూ, వీధి చివర మెకానిక్కూ. కాబట్టి మన దారి వేరు.

ఏ కారు తీసుకోవాలి

ఇంట్లో ఉన్న కారే బాగుచేసుకోవాలంటే ఈ ప్రశ్నే లేదు. బయట కొనాలనుకునేవాళ్లకు, చేతిలో డబ్బు నిజంగానే తక్కువైతే, నా సలహా మారుతి 800. దాని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ ఓమ్నీలోనూ పనిచేసింది. 800 తయారీ 2014 జనవరి వరకూ సాగింది. అందుకే కార్బొరేటర్ కిట్టు, క్లచ్ ప్లేటు, బ్రేకు సామాను చిన్న పట్టణంలో కూడా దొరుకుతాయి, దాన్ని విప్పని మెకానిక్ ఉండడు. అయితే 1983 నుంచి 1986 వరకూ వచ్చిన మొదటి రూపం, ఎస్‌ఎస్80 అనేది, బాడీ సామాను దొరక్క ఏడిపిస్తుంది. దానిమీద ఎంత మోజున్నా లైట్లూ బంపర్లూ గ్రిల్లూ అన్నీ ఉన్న బండి దొరికితేనే తీసుకోండి.

ఫియట్ మీద మనసు పోయినవాళ్లను నేను ఆపను. ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలుపెట్టి, 1974 నుంచి పద్మిని పేరుతో అమ్మిన ఆ కారులో 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు ఉంటాయి. ఓ మాదిరి చేతివాటం ఉన్నవాళ్లెవరైనా ఇంజిన్ గదిలో ఏది ఎక్కడుందో చూసి పోల్చుకోవచ్చు. ముంబైలో ఆ కారు టాక్సీగా 2023 అక్టోబరు దాకా తిరిగింది. అన్నేళ్లు రోజంతా తిరిగిన బండి గనక దాని సామానూ, ఆ సామాను తెలిసిన మనుషులూ పూర్తిగా మాయమైపోలేదు. ఉత్తర్‌పారాలో 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌కూ ఇదే వర్తిస్తుంది. దాని బరువూ పెట్రోలు ఖర్చూ భరించగలిగితే అంతకంటే మొండి బండి లేదు.

కొనేటప్పుడు చాలామంది ఇంజిన్ శబ్దం విని మురిసిపోతారు. నేనైతే ముందు కారు చుట్టూ తిరిగి ఏమేం లేవో చూడమంటాను. ఇంజిన్ చెడితే బాగుచేసే లేత్ వర్క్‌షాపులు జిల్లాకు పది ఉంటాయి. వెనకలైటు అద్దం, తలుపు పిడి, క్వార్టర్ గ్లాసు, డ్యాష్‌బోర్డు మీటరు, నికెల్ పట్టీలు లేకపోతే ఒక్కోదాని కోసం ఊళ్లు తిరగాలి. కదలకపోయినా అన్ని భాగాలూ ఉన్న కారు, బాగా నడుస్తూ సగం భాగాలు లేని కారు కంటే చివరికి చవక పడుతుంది.

రెండోది, కారు ఎక్కడ బతికిందో అడగండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు సముద్రపు గాలిలో పెరిగిన బండికి కింద నుంచి తుప్పు తింటుంది. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ ఎండల్లో ఉన్న బండికి రంగు వెలిసిపోయి, రబ్బరు ఎండిపోయి చూపులకు ఆనదు గానీ రేకు గట్టిగా ఉంటుంది. రబ్బరూ రంగూ కొనుక్కోవచ్చు. రేకు మార్పించడం అన్నింటికంటే ఖరీదైన పని. వెలిసిపోయిన బండినే ఎంచుకోండి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు పల్చటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, టార్చిలైటు, స్క్రూడ్రైవరు పట్టుకెళ్లండి. గుడ్డ ఉంటే రంగు మీద గీతలు పడవు. అయస్కాంతం అంటుకోని చోట రేకు మీద పుట్టీ మందంగా పూశారని అర్థం. కాళ్లకింద మ్యాట్లు ఎత్తి నేల రేకు చూడండి. తలుపుల కింద పొడుగ్గా సాగే పెట్టె భాగాన్ని స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది చప్పగా మోగుతుంది. ఫియట్, అంబాసిడర్, మారుతి మూడింటికీ బాడీయే బరువు మోస్తుంది, కింద వేరే లారీ చాసిస్ లాంటిది ఉండదు. ఆ పెట్టె భాగం పోయిందంటే బండి నడుం పోయినట్టే. తలుపు తీసి వేసినప్పుడు కిందికి జారుతోందా, సందు పైనా కిందా సమానంగా ఉందా చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

మీరు వెళ్లేసరికే అమ్మేవాళ్లు ఇంజిన్ వేడిచేసి పెట్టి ఉంటే ఇంకోరోజు చల్లగా ఉన్నప్పుడు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజిన్ మొదటిసారి అందుకునేటప్పుడే దాని ఆరోగ్యం బయటపడుతుంది. నీలం పొగ ఆయిల్ కాలుతున్నదానికి గుర్తు. నల్ల పొగ పెట్రోలు ఎక్కువ తాగుతున్నదానికి, అది కార్బొరేటరు సరిచేస్తే తగ్గవచ్చు. ఆయిల్ మూత లోపల పాలు కలిపిన టీ రంగులో జిడ్డు కనబడితే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయేమోనని అనుమానించాలి.

కాగితాలు

కాగితాలు సరిగా లేని కారు ఎంత చవకైనా వద్దు. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు మీ కళ్లతో చదివి ఆర్సీతో పోల్చుకోండి. బ్యాంకు అప్పు తాలూకు హైపోథికేషన్ ఇంకా ఆర్సీలో ఉందేమో, చలాన్లు పేరుకున్నాయేమో పరివాహన్ యాప్‌లో చూడండి. యజమాని చనిపోయి ఉంటే వారసుల సంతకాలు ముందే తేల్చుకోండి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో పునరుద్ధరించుకోవాలి, బండి తీసుకెళ్లి చూపించాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి కార్లకు 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. దీనికి గ్రీన్ ట్యాక్సు, థర్డ్ పార్టీ బీమా, కాలుష్య పరీక్ష తోడవుతాయి. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ సొమ్ము మొదటి పద్దుగా రాసుకోవాలి. రంగులూ సీట్లూ అన్నీ అయ్యాక ఆర్టీఓ ఆఫీసు మెట్ల దగ్గర డబ్బుకు తడుముకునేవాళ్లు ఎక్కువమందే.

ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిలు కార్ల మీద, 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి పాత బండ్లు చవగ్గా అమ్ముతున్నారు. అక్కడి ఎన్‌ఓసీ చేతికి రాకుండా డబ్బు కట్టకండి. తెలుగు రాష్ట్రాల్లో తిరిగి రిజిస్టరు చేయించడానికీ లైఫ్ ట్యాక్సుకూ ఎంతవుతుందో మీ ఆర్టీఓ ఆఫీసులో అడిగాకే ఆ ధర నిజంగా చవకో కాదో తెలుస్తుంది.

ఇంకోమాట. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. రుసుము 20,000 రూపాయలు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. వినడానికి బాగుంటుంది. కానీ ఆ నంబరు తీసుకున్న బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ మరమ్మతుకూ తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. నాన్నగారి డిలైట్‌లో కూరగాయల మార్కెట్టుకు వెళ్లాలని ఉంటే మామూలు రిజిస్ట్రేషనే పునరుద్ధరించుకోండి.

డబ్బు ఎలా పంచుకోవాలి

పది రూపాయలుంటే మూడు రూపాయలు ముందే పక్కన పెట్టేయండి. ఆ మూడు రూపాయలు ఎందుకు ఖర్చవుతాయో ఇప్పుడు మీకు తెలియదు, మెకానిక్కుకూ తెలియదు. చక్రం విప్పాక తెలుస్తుంది. కాగితాలకు ఒకటి, రేకు పనికి రెండు, బ్రేకులకూ స్టీరింగుకూ రెండు, ఇంజిన్‌కు ఒకటి, మిగిలింది లోపలి సీట్లకూ పైరంగుకూ. ఇంజిన్‌కు ఒక్కటే ఏమిటని అడగొచ్చు. ఎందుకో కింద చెబుతాను. కారు కోసం మాత్రం అప్పు చేయకండి. వడ్డీ కట్టాల్సిన నెలలో మనిషికి ఆ బండి మీద కోపం వస్తుంది, కోపం వచ్చాక ఎవరూ ఓపికగా బోల్టు తుప్పు వదిలించరు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ రోజు ఏ భాగం విప్పారో, ఎంత ఖర్చయిందో, ఏ దుకాణంలో ఏం దొరికిందో అందులో రాయండి. విప్పే ముందు ఫోనులో ఫోటో తీయండి. చిన్న భాగాలన్నీ జిప్ కవర్లలో వేసి పైన పేరు రాయండి. ఈ శ్రద్ధకు నయాపైసా ఖర్చు లేదు, మొదట్లో చెప్పిన ఆ పెరట్లోని కారుకు కరువైంది ఇదే.

మొదట ఆగడం, తర్వాత కదలడం

మొదటి ఖర్చు బ్రేకుల మీద. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ తేమ వీల్ సిలిండర్ల లోపలి గోడల్ని తినేసి గుంటలు చేస్తుంది. పైకి పెడల్ గట్టిగానే ఉన్నట్టుంటుంది, గట్టిగా తొక్కాల్సిన రోజున జారిపోతుంది. చాలా పాత కార్లలో నాలుగు చక్రాలకూ ఒకే గొట్టం వరస. ఒక్క రబ్బరు హోసు పగిలితే నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకని రబ్బరు హోసులు ఎలా ఉన్నాయో చూసే పని పెట్టుకోకుండా అన్నీ కొత్తవి వేయండి. మాస్టర్ సిలిండరు కొత్తది దొరక్కపోతే పాతదానికి లోపల స్లీవు వేసి ఇచ్చే లేత్ వర్క్‌షాపులు ఉన్నాయి. అరిగిన బ్రేకు షూలకు కొత్త లైనింగు అతికించి ఇస్తారు. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును గాలితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికి వస్తుంది. నీళ్లు చల్లి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. కారు కిందకు దూరేటప్పుడు జాకీని నమ్మకండి, ఇటుకల్ని అసలే నమ్మకండి. ఒక జత ఇనుప స్టాండ్లు కొనుక్కోండి. ఈ ఒక్క వస్తువు దగ్గర మాత్రం పొదుపు చూడొద్దు.

రెండోది పెట్రోలు దారి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఫియట్, అంబాసిడర్, పాత మారుతి కార్ల రబ్బరు గొట్టాలనూ కార్బొరేటర్ ప్యాకింగులనూ పంపు డయాఫ్రంనూ ఆ పెట్రోలుకు తట్టుకునేలా చేయలేదు. అవి ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే బండి మిగలదు. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టం మీటరు లెక్కన దొరుకుతుంది, అదే వేయండి, టాంకు నుంచి కార్బొరేటరు దాకా. మధ్యలో ఫిల్టరు పెట్టండి. ఇథనాల్ కూడా నీటిని లాగుతుంది గనక నెలల తరబడి పెట్రోలు టాంకులో నిల్వ ఉంచితే టాంకు లోపల తుప్పు పడుతుంది. బండిని కదలకుండా ఉంచొద్దని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

వైరింగు విషయంలో మెకానిక్కులు వేసిన అతుకుల్ని నమ్మకండి. యాభై ఏళ్లలో ఒక్కొక్కరు ఒక్కో తీగ కలిపి టేపు చుట్టి ఉంటారు. బ్యాటరీ తీగ విప్పి, ఒక మల్టీమీటరు పట్టుకుని నెమ్మదిగా ఒక్కో దారి చూసుకోవచ్చు. ఇది ఎవరైనా నేర్చుకోగలిగిన పని. అనవసరపు హారన్లు, పాత స్టీరియో తీగలు పీకేసి, ప్రతి దారికీ సరైన ఫ్యూజు వేస్తే సగం భయం పోతుంది. ఆపైన రేడియేటరు. ఫియట్ సిలిండర్ హెడ్డు అల్యూమినియంది, ఒకసారి బాగా వేడెక్కితే వంగుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవాలంటే రేడియేటరు లోపల కడిగించి, హోసులూ థర్మోస్టాటూ మార్చడం చాలా చవక.

రేకు

ఇంత వరకూ చేస్తే బండి ఆగుతుంది, కదులుతుంది. ఇక దీని అసలు శత్రువు తుప్పు. వర్షపు నీళ్లు పైనుంచి వచ్చి తలుపుల్లో, కింది పెట్టె భాగాల్లో నిలవడం వల్లే తుప్పు ఎక్కువగా లోపలి నుంచి పడుతుంది. తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో మట్టి, ఎండుటాకులు ఇరుక్కుంటాయి. ఒక ఇనుప తీగతో ఆ రంధ్రాలు శుభ్రం చేయడం ఈ మొత్తం పనిలో అన్నింటికంటే చవకైన మరమ్మతు.

తుప్పు తిన్న చోట టింకరింగ్ మేస్త్రీ రెండు దార్లు చూపిస్తాడు. ఒకటి, రంధ్రం మీద ఫైబరో పుట్టీయో పెట్టి రంగేయడం. వారంలో అయిపోతుంది, రెండు వానాకాలాల్లో మళ్లీ పొంగి ఊడుతుంది, అప్పటికి రంధ్రం రెట్టింపవుతుంది. రెండోది, మంచి రేకు వచ్చేదాకా కోసేసి కొత్త ముక్క వెల్డింగ్ చేయడం. ఎన్ని చోట్ల ఇలా చేయించగలరో డబ్బు చూసుకుని అన్నే చేయించండి, కానీ రెండో దారే పట్టండి. బరువు మోసే చోట్లు ముందు: కింది పెట్టె భాగాలు, సస్పెన్షన్ బిగించే చోట్లు, సీటు బోల్టుల చుట్టూ ఉన్న నేల. మడ్‌గార్డు అంచు మీది తుప్పు కంటికి కనబడుతుంది గానీ అది ఇంకో ఏడాది ఆగుతుంది. పెట్టె భాగం కోసేటప్పుడు ఒకసారి ఒక పక్క మాత్రమే కోయించండి, లేకపోతే బాడీ మధ్యలో కుంగి తలుపులు ఎప్పటికీ సరిగా పడవు. గ్యాసు వెల్డింగు వేడికి పల్చటి రేకు ముడతలు పడుతుంది, మిగ్ వెల్డింగు చేసే మేస్త్రీని వెతుక్కోండి. అతుకుల మీద జింకు ప్రైమరు వేయించి, లోపలి బోలు భాగాల్లోకి మైనపు మందు పిచికారీ చేయించాకే కింద నల్ల కోటింగు వేయించాలి. తుప్పు మీదే ఆ నల్ల కోటింగు వేసేస్తే తేమ లోపల చిక్కుకుని ఇంకా త్వరగా తింటుంది. దగ్గర నిలబడి చూడండి.

చిన్న ఇనుప సామాను మీరే బాగుచేసుకోవచ్చు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు లీటరు నీటికి వంద గ్రాముల చొప్పున ప్లాస్టిక్ బకెట్లో కలిపి, జిడ్డు వదిలించిన బ్రాకెట్లూ బోల్టులూ ఒక రాత్రి నానేసి చూడండి. పొద్దున్నే బ్రష్షుతో రుద్దితే బూడిద రంగు ఇనుము బయటపడుతుంది. వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టి, నూనె పట్టించాలి. స్ప్రింగుల్లాంటి గట్టి ఉక్కు సామాను అందులో వేయకండి, ఆమ్లం వాటిని పెళుసు చేస్తుంది. ఈ పని పిల్లల్ని కూర్చోబెట్టి చేస్తే వాళ్లకు రసాయన శాస్త్రం పాఠం కూడా అవుతుంది.

ఇంజిన్

మెకానిక్ మొదటి రోజే అంటాడు, “ఇంజిన్ దించేద్దాం సార్, బోరు చేయించి మొత్తం కొత్తగా చేసేద్దాం” అని. “ముందు కంప్రెషన్ చూద్దామన్నా, ఆ తర్వాత దించుదాం” అనండి. అన్ని సిలిండర్ల కొలతలూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఇంజిన్‌ను ముట్టుకోవద్దు. ఒకటి బాగా తక్కువగా ఉంటే, ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. కొలత పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వుల దగ్గర కారుతోంది. వాల్వుల పనికి హెడ్డు ఒక్కటి దించితే చాలు, ఇంజిన్ మొత్తం దించే ఖర్చు అక్కర్లేదు. బడ్జెట్లో ఇంజిన్‌కు ఒక్క రూపాయి సరిపోతుందని అన్నది ఈ పరీక్షను నమ్మే. చాలా పాత ఇంజిన్లకు ప్లాటినం పాయింట్లు, కండెన్సరు, ప్లగ్గులు మార్చి, ట్యాపెట్లు సెట్ చేసి, కార్బొరేటరు శుభ్రం చేస్తే సగం జబ్బులు పోతాయి. అంబాసిడర్ పాత ఇంజిన్ హెడ్డు దించాల్సి వస్తే ఎగ్జాస్టు వాల్వులకు గట్టి సీట్లు వేయించండి. అది సీసం కలిపిన పెట్రోలు కాలపు ఇంజిన్. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చాక ఆ పోత ఇనుములోని వాల్వు సీట్లకు ఉన్న రక్షణ పోయింది.

ఏళ్లుగా కదలని ఇంజిన్‌కు వెంటనే సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో కొంచెం ఆయిల్ వదిలి, ఒకట్రెండు రోజులు ఆగి, చేత్తో తిప్పి చూడండి. చేత్తో తిరిగాకే బ్యాటరీ.

సామాను, మనుషులు

విజయవాడ జవహర్ ఆటోనగర్ పాత బండ్ల ప్రేమికులకు పుణ్యక్షేత్రం. లేత్ పని, రేడియేటరు పని, పట్టా స్ప్రింగులు, సీట్ల రెగ్జిను, అన్నీ కాలినడకన తిరిగేంత దూరంలోనే. అక్కడ దొరకని ఫియట్ సామాను కోసం ముంబై కుర్లా, అంబాసిడర్ సామాను కోసం కోల్‌కతా మల్లిక్ బజార్, ఏదైనా సరే చెన్నై పుదుపేట. వెళ్లేటప్పుడు పాత భాగం చేతిలో ఉండాలి. ఫోటో చాలదు, ఒక మోడల్‌కూ ఇంకో మోడల్‌కూ రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. నా లెక్క ఇది: రబ్బరు ఎప్పుడూ కొత్తది కొనండి, ఇనుము పాతదైనా అసలు కంపెనీది కొనండి. కొత్త నకిలీ కింగ్ పిన్ కంటే పాత అసలుది కొలతల్లో నికరంగా ఉంటుంది.

ఫియట్ ట్యాపెట్లు చెవితో విని సెట్ చేసే మేస్త్రీలు ప్రతి ఊళ్లోనూ ఒకరో ఇద్దరో మిగిలారు. చాలామంది షెడ్డు మూసేసి ఇంటి దగ్గర ఉంటున్నారు. వెతికి పట్టుకోండి. పెద్దాయనకు బరువులెత్తే ఓపిక లేకపోతే, మీ మెకానిక్ కుర్రాణ్ని పని చేయమని ఆయన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పించండి. ఆ కూర్చున్న పూటకు కూడా పూర్తి కూలి ఇవ్వండి. ఆయన చెప్పింది నోటుపుస్తకంలో రాసుకోండి, అనుమతిస్తే ఫోనులో రికార్డు చేయండి. ఈ విద్య ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. ఆ తరం వెళ్లిపోతే కార్లున్నా వాటిని బతికించే చేతులుండవు. నాకు ఈ విషయంలో కార్ల కంటే ఆ మనుషుల గురించే ఎక్కువ బెంగ.

షెడ్డులో బండి వదిలిపెట్టి “నిదానంగా చేయండి” అనకండి. ఒక పనికి ఒక ధర ముందే మాట్లాడుకుని, సగం ఇచ్చి, పూర్తయి నడిపి చూశాక మిగతా సగం ఇవ్వండి. మార్చిన పాత భాగాలన్నీ తిరిగి అడిగి తెచ్చుకోండి.

చివర్లో రంగు

పైకప్పు కారుతున్న ఇంటికి ముందు సున్నం కొట్టించరు కదా. రంగు చివరి పని. సీట్లు, తలుపుల ప్యాడ్లు, పైకప్పు గుడ్డ కూడా దాని పక్కనే, వాటికి తొందరలేదు. అసలు కంపెనీ రంగు సగానికి పైగా మిగిలి ఉంటే రబ్బింగు చేసి పాలిష్ పట్టిస్తే చాలు, మొత్తం కారు మళ్లీ వేయించక్కర్లేదు. వేయించాల్సి వస్తే ఆర్సీలో ఉన్న రంగే వేయించండి. మార్చాలనుకుంటే ఆర్టీఓ ఆఫీసులో రాయించుకోవాలి, ఇంజిన్ మార్చినా అంతే.

రింగులో బోరో మార్చి ఉంటే మొదటి వెయ్యి కిలోమీటర్లు తొందర పడకండి. ఒకే వేగంతో గంటల తరబడి నడపకుండా, వేగం కాస్త పెంచుతూ తగ్గిస్తూ వెళ్లండి, ఎత్తు ఎక్కేటప్పుడు పై గేర్లో ఇంజిన్‌ను గుంజకండి. మొదటి ఐదువందల కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చేయండి. హెడ్డు దించి ఉంటే దాని బోల్టులు చల్లబడ్డాక టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి, చక్రాల నట్లు మొదటి యాభై కిలోమీటర్ల తర్వాత చూసుకోవాలి. మొదటి దూర ప్రయాణం ముప్పై, నలభై కిలోమీటర్లకు మించకుండా, దారిలో తెలిసిన మెకానిక్ షెడ్డు ఉన్న రోడ్డు మీద పెట్టుకోండి. డిక్కీలో ఐదు లీటర్ల నీళ్లు, ఫ్యాన్ బెల్టు, పాయింట్ల సెట్టు, ఒక కండెన్సరు, ఫ్యూజులు, లాగే తాడు వేసుకుని బయల్దేరండి.